మధ్య గడి

ఆ వార్డులో ప్రతి మంచం కాళ్ళ దగ్గరా ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. అట్టకి ఒక క్లిప్పు, క్లిప్పు కింద కాయితం, కాయితం మీద పూటకో వరస. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. వరసకి మూడు గడులు. మనిషి తనంతట తాను తింటే మొదటి గడిలో టిక్కు పెట్టాలి, దాని పేరు సెల్ఫ్. వద్దంటే మూడోది, రిఫ్యూజ్డ్. ఈ రెండింటి మధ్య ఉన్నదే అసలు గడి. దాని మీద కోక్స్డ్ అని అచ్చు వేసి ఉంటుంది. బతిమాలో బామాలో బుజ్జగించో తినిపిస్తే అందులో పెట్టాలి టిక్కు. ఆయాలంతా దాన్ని మధ్య గడి అనే అంటారు. ఆ ఇంగ్లీషు మాటకి నోరు తిరగదు, తిరిగినా వినడానికి బాగుండదు.

ఆ కాయితం అచ్చు వేయించిన వాళ్ళకేం, ఒక్క మాట పెట్టేసి చేతులు దులుపుకున్నారు. మనకలా కుదురుతుందా? బతిమాలడం వేరు, బుజ్జగించడం వేరు. బతిమాలేవాళ్ళు తమ అవసరం చెప్పుకుంటారు, బుజ్జగించేవాళ్ళు ఎదుటి మనిషి అలక తీరుస్తారు. నచ్చజెప్పాలంటే కారణాలు కావాలి. లాలించడానికి కారణాలక్కర్లేదు, కాస్త తీరిక ఉంటే చాలు. ఇక అరచేతిలో వైకుంఠం చూపించడం ఉంది చూశారూ, అది మరో రకం. దాని సంగతి తర్వాత వస్తుంది. ఇన్నింటినీ ఒకే గడిలో కుక్కి టిక్కు కొట్టమంటే, అందులో ఏది పడుతోందో కొట్టేవాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది?

ముద్దలమ్మకి తెలుసనే అందరూ అనుకునేవాళ్ళు. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. మంచాన పడి నెలల తరబడి లేవని వాళ్ళుండే ఆ వార్డులో ఇరవై రెండేళ్ళుగా ముద్దలు పెడుతోంది కాబట్టి ముద్దలమ్మ అయింది. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అదే పిలుపు. వచ్చే ఏడాది పదవీ విరమణ. ఈ ఇరవై రెండేళ్ళలో ఆవిడ చేతి మీదుగా మూడో గడిలో టిక్కు పడలేదు. కొరకరాని కొయ్యల్లాంటి ముసలాళ్ళు, గోడకి తిరిగి పడుకునేవాళ్ళు, గిన్నె విసిరేసేవాళ్ళు, అందరూ చివరికి ఆవిడ దగ్గర నోరు తెరిచారు.

ఆవిడ పద్ధతి పైకి చూడ్డానికి ఏమీ ఉండదు. ముందు చెంచాని వేడినీళ్ళ గ్లాసులో ముంచి తీస్తుంది. చల్లటి స్టీలు పెదవికి తగిలితే ఎవరైనా నోరు బిగిస్తారు మరి. తర్వాత చిన్న పీట లాక్కుని మంచానికంటే కిందుగా కూర్చుంటుంది. నిలబడి పెట్టకూడదు, పైనుంచి దిగే చెంచా ఎవరికీ నచ్చదు. తిండి మాట ఎత్తదు. మీ ఇంటి కిటికీలు ఏ వైపుకి ఉంటాయి, మీరు చేసిన పనేమిటి, ఆ పనిలో చేతికి ఎక్కడ కాయ కాస్తుంది, ఇలా ఏదో ఒకటి అడుగుతుంది. మనిషి కాస్త మెత్తబడ్డాక చెంచాని గిన్నెలోంచి ఎత్తి, దాని కిందనుంచి ఒక చుక్క జారేదాకా ఆగి, "చెంచా ఏడుస్తోంది చూడండి" అంటుంది. తొంభై ఏళ్ళ తాతకైనా అదే మాట. ఆయన నవ్వడానికి నోరు తెరుస్తాడు, చెంచా లోపలికి వెళ్ళిపోతుంది. ఆపైన గొంతు వైపు చూస్తూ కూర్చుంటుంది. గుటక పడ్డాకే రెండోది.

పదేళ్ళ కిందట ఒక ఆయా తొందరపడి ఒక ముసలావిడ ముక్కు మూసి జావ పోసేసింది, పోసి మధ్య గడిలో టిక్కు పెట్టింది. ముసలావిడకి పొర పోయి ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు హెడ్డు నర్సు, అందరూ హెడ్డమ్మ అనే ఆవిడ, ఆయాలందరినీ గుడ్డలు మడతపెట్టే గదిలో కూర్చోబెట్టి ఆ ఒక్క మాట మీద గంటసేపు పాఠం చెప్పింది. "ముక్కు మూస్తే అది కోక్స్ కాదు. బుగ్గలు నొక్కినా కాదు. చివరికి నోరు తెరిచేది వాళ్ళే అవ్వాలి, వాళ్ళ ఇష్టంతోనే అవ్వాలి. అప్పుడే మధ్య గడి" అంది. వెనక కూర్చున్న ఒక ఆయా, "మరి మాటలతో నొక్కితేనమ్మా?" అని అడిగింది. అందరూ నవ్వారు. హెడ్డమ్మ కూడా నవ్వి, "మాటలకి ఎవరికి పొర పోయిందే" అంది. ముద్దలమ్మా నవ్వింది. అడిగినావిడ తర్వాత మానేసి ఎక్కడికో వెళ్ళిపోయింది.

ఇప్పుడు కిటికీ పక్కన పదకొండో మంచం మీద ముద్దలమ్మ సొంత అక్క ఉంది. వచ్చి నాలుగు నెలలు. కుడి వైపంతా పడిపోయింది. మాట నెమ్మదిగా వస్తుంది కానీ ముక్కుసూటిగానే వస్తుంది. గుండె ఉబ్బిందనీ, ఇక ఇది తగ్గేది కాదనీ డాక్టర్లు ముందే చెప్పేశారు. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. వార్డులో ఎవరు ఎప్పుడు దుప్పటి మార్చలేదో చెప్పేది అక్కే.

అక్క ముప్పై ఆరేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. చొక్కా మొత్తం ఒక్కటీ కుట్టలేదు, కాలర్లే. వీధిలో మగవాళ్ళు ఎదురైతే మొహం చూడదు, మెడ చూస్తుంది. "వాడి కాలరు మూల తిరగబడింది" అని గొణుక్కుంటుంది. తల్లి పోయేటప్పటికి అక్కకి పన్నెండు, చెల్లెలికి నాలుగు. తల్లి లేని పిల్ల అన్నం ముట్టకుండా మొండికేస్తే, చెంచా పైకెత్తి చుక్క జారేదాకా ఆగి, "చెంచా ఏడుస్తోంది చూడు చిట్టీ" అని మొదట అన్నది ఆ అక్కే. వార్డులో ఇరవై రెండేళ్ళు చెలామణీ అయిన ఆ మాట ముద్దలమ్మ సొంతం కాదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

అక్కకి ఇరవై ఒకటో ఏట ఒక అవకాశం వచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ పెడుతూ, గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరికి అక్కని రమ్మన్నారు. ఆ బల్ల దగ్గర అప్పటిదాకా ఆడమనిషి నిలబడలేదు. ముప్పై పొరల గుడ్డని ఒక్క చేత్తో నొక్కిపట్టి, రెండో చేత్తో మిషను కత్తి నడపాలి. అక్క పెట్టె సర్దుకుంది. తండ్రి వద్దన్నాడు, వినలేదు. అరిచాడు, వినలేదు. చివరికి ఆయన చెల్లెల్ని పిలిచి, "నువ్వు చెబితే వింటుంది. వెళ్ళి చెప్పు" అన్నాడు. పదమూడేళ్ళ పిల్ల, అప్పటికే వంట వచ్చిన పిల్ల, వెళ్ళి అక్క కొంగు పట్టుకుని, "నువ్వెళ్ళిపోతే నాకు అన్నం ఎవరు పెడతారక్కా" అని అడిగింది. ఏడుపు నిజమే, ప్రశ్నే అబద్ధం. అక్క చాలాసేపు పెట్టె వైపు చూసి, బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టుకుంది. చెల్లెలికి పెళ్ళయ్యాక వాళ్ళింటి వెనక గదిలోనే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. కత్తి బల్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ వార్డుకి కూడా అక్క తనంతట తాను రాలేదు. నా గదిలోనే ఉంటానంది. ముద్దలమ్మ మంచం పక్కన పీట వేసుకుని, కిందుగా కూర్చుని, "పది రోజులేనక్కా. నేనూ అక్కడే ఉంటాగా. పది రోజులు చూసి తీసుకొచ్చేస్తా" అంది. అదిగో, అరచేతిలో వైకుంఠం అంటే అదే. పది రోజులు నాలుగు నెలలయ్యాయి. అక్క ఒక్కసారి కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే ముద్దలమ్మకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఒక సోమవారం పొద్దున్న అక్క నోరు తెరవలేదు.

"వద్దు చిట్టీ" అంది, పళ్ళ మధ్య నుంచి.

ముద్దలమ్మ చెంచాని మళ్ళీ వేడినీళ్ళలో ముంచింది. పీట దగ్గరికి జరిపింది. కిటికీ బయట ఎదురింటి మేడ మీద ఎవరో ఆరేసిన చొక్కాలున్నాయి, వాటి కాలర్ల గురించి అడిగింది. అక్క జవాబు చెప్పింది, రెండు కాలర్లకి లోపల వేసిన అట్ట నాసిరకం అని కూడా చెప్పింది. అప్పుడు చెల్లెలు చెంచా ఎత్తి, చుక్క జారేదాకా ఆగి, "చెంచా ఏడుస్తోందక్కా" అంది.

అక్క పెదవి ఎడమ మూల కదిలింది. "నా దగ్గర కొన్నది నాకే అమ్ముతావా?"

ముద్దలమ్మకి నవ్వు రాలేదు. అక్క తిండి మానేస్తే ఏమవుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. వరసగా మూడు పూటలు మూడో గడిలో టిక్కు పడితే డాక్టరుకి చెప్పాలి. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేయమంటాడు. దానికి ఇంటివాళ్ళ సంతకం కావాలి, అక్కకి ఇంటివాళ్ళంటే ముద్దలమ్మే. ఎదురు మంచం మీద ముసలావిడకి గొట్టం వేసి నెల దాటింది. లాగేసుకుంటోందని రెండు చేతులకీ గుడ్డ సంచులు తొడిగి మంచం పట్టీలకి కట్టారు. ఆ సంచులు రోజంతా కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటాయి. అక్క పగలంతా చూసేది వాటినే.

అందుకని ముద్దలమ్మ ఎప్పుడూ వాడని మాట వాడింది. పరాయి మనుషుల దగ్గర అది పనిచెయ్యదు కాబట్టి ఇన్నేళ్ళూ అవసరం పడలేదు. "నా కోసం తినక్కా" అంది. "నువ్వు తప్ప నాకెవరున్నారు."

మొగుడున్నాడు, బస్సు నడుపుతాడు, మంచివాడే. ఎదిగిన కొడుకూ ఉన్నాడు. అయినా అంది. అక్క కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. నాలుగు చెంచాలు. ప్రతి గుటకకీ మెడ నరాలు బిగుసుకున్నాయి. మూసిన ఎడమ కంట్లోంచి నీళ్ళు చెవి వైపు కారాయి. ముద్దలమ్మ తుడిచింది, గిన్నె మూత పెట్టింది, అట్ట అందుకుని మధ్య గడిలో టిక్కు పెట్టింది. మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే. ఆ రోజంతా ఆవిడకి ఏమీ అనిపించలేదు. పని జరిగింది, అంతే.

మంగళవారం పొద్దున్న జావ గిన్నె మూత తీయకముందే అక్క అడిగింది. "నిన్న ఏ గడిలో పెట్టావు?"

గడుల సంగతి అక్కకి తెలుసు. వంటింట్లో కూర్చుని చెల్లెలు ఇన్నేళ్ళూ చెప్పిన కబుర్లన్నీ అవే కదా.

"మధ్యలో" అంది ముద్దలమ్మ.

"తప్పు గడి."

"నువ్వే నోరు తెరిచావు కదక్కా."

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మా ఫ్యాక్టరీలోనూ మూడే చిట్టీ. పాసు, ఆల్టరు, రిజెక్టు. నేను రిజెక్టు అని పక్కన పెట్టిన కాలర్లని సూపర్‌వైజరు తెచ్చి మళ్ళీ నా ఒళ్ళోనే పడేసేవాడు. ఆల్టరు రాయమ్మా, కుట్టు విప్పి కుడితే సరిపోతుందిగా అనేవాడు. ముప్పై ఆరేళ్ళలో నా చేతి రిజెక్టు ఒక్కటీ పుస్తకంలో ఎక్కలేదు. నేను వద్దన్నది ఎక్కడా ఎక్కలేదు. ఆ పెట్టె సర్దినప్పుడూ ఎక్కలేదు. ఇక్కడికి తెచ్చినప్పుడూ ఎక్కలేదు."

ముద్దలమ్మ చెంచాని గిన్నె మూత మీద పెట్టేసింది.

"నీ మీద కోపం లేదు" అంది అక్క. "నాకు కడుపులోకి ఏదీ వెళ్ళడం లేదు. వెళ్ళినా పైకే వస్తోంది. చాలు. గొట్టం వద్దు. నాకున్నది ఒక్క చెయ్యి, దాన్ని సంచిలో పెట్టించకు. వద్దన్నానని రాయి. ఒక్కసారి రాయి చిట్టీ."

అంత పొడుగు మాట మాట్లాడినందుకు అక్కకి ఆయాసం వచ్చింది. ముద్దలమ్మ దిండు సర్ది, వీపు నిమిరి, లేచి అట్ట దగ్గరికి వెళ్ళింది. మూడో గడి ఎక్కడుందో ఇరవై రెండేళ్ళలో మొదటిసారి వెతుక్కోవాల్సి వచ్చింది, అది కాయితం అంచున ఉంది. టిక్కు పెట్టింది. పెన్ను సరిగ్గా రాయలేదని ఇంకోసారి దిద్దింది. అక్క పోతుందన్న సంగతి ఆ దిద్దడంలోనే ఆవిడకి తెలిసింది. తెలిసినా ఏడుపు రాలేదు. చేతులు మాత్రం చల్లబడ్డాయి, వెళ్ళి ఆ వేడినీళ్ళ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం మూడో గడి. సాయంత్రం మూడో గడి.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే మొగుడు తెల్లబోయాడు. "నువ్వు చెబితే వినని మనుషులు ఉన్నారుటే? కూర్చుని నెమ్మదిగా నచ్చజెప్పు" అన్నాడు. ఆయన తన కంచంతో పాటు ఇంకో కంచం కూడా వడ్డించి తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ దాని వైపు చూసింది, తినాలని తోచలేదు. వద్దని కూడా చెప్పలేదు. కొంతసేపటికి ఆయనే మూతపెట్టాడు.

బుధవారం పొద్దున్న హెడ్డమ్మ పదకొండో మంచం అట్ట చూసింది. కాయితం పైకి తీసి కిందిది చూసింది, మళ్ళీ పైది చూసింది. "ఇది నీ చేతి టిక్కేనా?" అని అడిగింది.

"నాదేనమ్మా."

"మీ అక్కకా పెట్టావు?"

"అక్క వద్దంది."

హెడ్డమ్మ కాయితాన్ని మళ్ళీ క్లిప్పు కింద సర్దింది. డాక్టరు పిలుస్తున్నాడని మాత్రం చెప్పింది.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్థుడు. ముద్దలమ్మ గదిలోకి రాగానే లేచి తన కుర్చీ ఆవిడకి ఇచ్చాడు. తాను మూలనున్న చిన్న స్టూలు లాక్కుని ఎదురుగా, కాస్త కిందుగా కూర్చున్నాడు. టీ తెప్పించాడు. కప్పు వేడిగా ఉందని చుట్టూ కాయితం చుట్టి మరీ చేతికిచ్చాడు. గొట్టం మాట ఎత్తలేదు. "ఎన్నేళ్ళయిందండీ మీరు ఇక్కడ చేరి?" అని అడిగాడు. "వచ్చే ఏడాది వెళ్ళిపోతున్నారట కదా, మీరు లేకపోతే ఈ వార్డు గతేం కాను" అన్నాడు. తన బామ్మకి కూడా చివర్లో ఇలాగే తిండి పోయిందనీ, ఇంట్లో అందరూ ఎంత తల్లడిల్లారో తనకి తెలుసనీ అన్నాడు.

ముద్దలమ్మ వింటూనే ఉంది. వింటూ, ఎక్కడో విన్నట్టుందే ఇది, అనుకుంది. స్టూలు ఎత్తు చూసింది. చేతిలో వెచ్చటి కప్పు చూసుకుంది. అప్పుడు తెలిసింది. ఇక చుక్క జారాలి, అంతే మిగిలింది.

"పది రోజులేనండీ" అన్నాడు డాక్టరు మెత్తగా. "గొట్టం వేసి పది రోజులు చూద్దాం. కాస్త బలం వస్తే తీసేద్దాం. మీ కోసమైనా ఆవిడ ఉండాలి కదా." సంతకం పెట్టాల్సిన కాయితాన్ని ఆవిడ ఒడి దాకా జరిపి, పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు.

అన్నీ ఉన్నాయి. పద్ధతిలో ఎక్కడా తప్పు లేదు. ఇన్నేళ్ళు తాను పెట్టిన ముద్ద ఎలా ఉంటుందో ముద్దలమ్మకి ఇప్పుడే నోటి దాకా వచ్చింది. అది చేదుగా లేదు, అదే భయం వేసింది. తియ్యగానే ఉంది. సంతకం పెట్టేస్తే అక్క ఇంకో నెల ఉంటుంది, రెండు నెలలు ఉండొచ్చు. పొద్దున్నే వచ్చి చూసుకోవచ్చు. దుప్పటి సర్దొచ్చు. అక్క ఎలాగూ దెప్పదు. ఎప్పుడు దెప్పింది కనక? ఆవిడకి సంతకం పెట్టాలనే ఉంది, చాలా గట్టిగా ఉంది. చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది కూడా.

పెన్ను తీసుకుని మూత పెట్టేసింది.

"బాబూ, మీరు చాలా బాగా తినిపిస్తారు" అంది. "నాకు తెలుసు ఆ పని. ఇరవై రెండేళ్ళు అదే చేశాను. కానీ నేను నోరు తెరవను."

"మీరు సరిగ్గా ఆలోచించుకోవాలి" అన్నాడు.

"అక్క ఆలోచించుకుంది. ఆవిడ వద్దంది. అలాగే రాసుకోండి."

ఆయన కాయితాన్ని వెనక్కి తీసుకున్నాడు. తర్వాత స్టూలు వెనక్కి జరుపుకుని, వార్డుకి వచ్చి, అక్కనే సూటిగా అడిగాడు. గొట్టం వేయమంటారా అని రెండుసార్లు అడిగాడు. అక్క రెండుసార్లూ వద్దంది. ఆయన రాసుకున్నాడు. నోరు తడుపుతూ ఉండమనీ, నొప్పి లేకుండా మందిస్తాననీ చెప్పి వెళ్ళాడు. చెడ్డవాడేం కాదు. ఆయనకీ ఎవరో నేర్పే ఉంటారు.

మధ్యాహ్నం బండి మీద ట్రేలు వచ్చాయి. మంచానికొక ట్రే రావాల్సిందే, తిన్నా తినకపోయినా. పదకొండో మంచానికి జావ గిన్నె పెట్టి వంటాయన ముందుకి తోసుకుపోయాడు. ముద్దలమ్మ అలవాటు కొద్దీ చెంచాని వేడినీళ్ళలో ముంచింది, ముంచాక గుర్తొచ్చి పక్కన పెట్టింది. పీట మీద కూర్చుంది. సంతకం పెట్టలేదని మాత్రం చెప్పింది.

అక్క చాలాసేపు చెల్లెలి మొహం చూసింది. "నువ్వెప్పుడు తిన్నావు?"

"తిన్నాలే."

"ఎప్పుడు?"

ముద్దలమ్మ లెక్క వేసింది. మంగళవారం పొద్దున్న ఇంట్లో ఏదో తిన్నట్టు గుర్తు. ఆకలి ఉందో లేదో కూడా తెలియలేదు. నోట్లో నాలుక ఉన్నట్టే లేదు.

అక్క ఎడమ చెయ్యి దుప్పటి కిందనుంచి బయటికి తీసింది. చెంచా అందుకుంది. గిన్నె ఎక్కడుందో చెంచాతో తడుముకుంది. ముద్దలమ్మ గిన్నె ఎత్తి దగ్గరికి పట్టింది, ఎందుకు పడుతోందో ఆలోచించకుండానే. చెంచా మునిగింది, లేచింది. కాలర్ల మూలల్ని సూదిమొనతో తిప్పిన చెయ్యి, ఇప్పుడు గడగడ వణుకుతోంది. సగం జావ దుప్పటి మీద పడింది. మిగిలిన సగంతో చెంచా చెల్లెలి మొహం దాకా వచ్చి ఆగింది. కిందనుంచి ఒక చుక్క జారింది.

"చెంచా ఏడుస్తోంది చూడు చిట్టీ" అంది అక్క.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి నోరు తెరిచింది.

జావ చప్పగా ఉంది. ఉప్పు లేదు, తీపి లేదు, గోడకి వేసే సున్నంలా ఉంది. ఇరవై రెండేళ్ళుగా జనం నోట్లో పెడుతున్న ఆ జావని ముద్దలమ్మ ఒక్కనాడూ రుచి చూడలేదు. మింగి, "ఇంత చప్పగా ఉందేమిటక్కా" అంది.

"నాలుగు నెలలుగా అదే కదా చెబుతున్నా" అంది అక్క.

మళ్ళీ చెంచా మునిగింది. మధ్యలో రెండుసార్లు అక్క చెయ్యి దించి ఆయాసం తీర్చుకుంది. ముద్దలమ్మ తొందరపెట్టలేదు. గుటక పడ్డాకే రెండోది. గిన్నె ఖాళీ అయ్యేసరికి అరగంట పట్టింది. అక్క చెంచా వదిలేసి కళ్ళు మూసుకుంది. ముద్దలమ్మ తడిగుడ్డతో అక్క వేళ్ళు ఒక్కొక్కటీ తుడిచింది.

ట్రేలు తీసుకెళ్ళడానికి వచ్చిన వంటాయన గిన్నె చూసి, "మొత్తానికి తినిపించేశావన్నమాట. నాకు తెలుసు" అన్నాడు. ముద్దలమ్మ అట్ట తీసి మూడో గడిలో టిక్కు పెట్టింది. కాయితం చివర ఖాళీ చోటులో, ఇంతకాలం ఒక్క అక్షరం రాయని చోటులో, తెలుగులోనే రాసింది: గిన్నె ఖాళీ. తిన్నది ఆయా.

సాయంత్రం హెడ్డమ్మ అది చదివింది. "పేషెంట్ల తిండి మనం ముట్టకూడదు. ఆ సంగతి నీకు తెలుసు" అంది.

"తెలుసమ్మా."

"ఎవరు తినమన్నారు?"

"అక్క పెట్టింది."

హెడ్డమ్మ జేబులోంచి పెన్ను తీసి, ఆ వాక్యం పక్కన పొట్టి సంతకం చేసి, అట్టని మళ్ళీ మంచానికి తగిలించింది.

ఆ తర్వాత అక్క ఆరు రోజులు ఉంది. పూటపూటకీ ట్రే వచ్చింది. పూటపూటకీ ముద్దలమ్మ అక్క పెదవులు తడిపి, ఆపైన అక్క చేతి జావ తిన్నది. మూడో గడి నిండా టిక్కులు పడ్డాయి, అన్నీ ఒకే చేతివి. మొదట గిన్నెడు పెట్టగలిగిన అక్క తర్వాత నాలుగు చెంచాలే పెట్టగలిగింది, తర్వాత ఒక్కటే. ఆరో రోజు మధ్యాహ్నం చెయ్యి లేవలేదు. వేళ్ళు మాత్రం దుప్పటి మీద కదిలాయి. అక్క చెంచా వైపు చూసింది, చెల్లెలి వైపు చూసింది. ముద్దలమ్మ చెంచా తీసుకుని అక్క చూస్తుండగా తినడం మొదలుపెట్టింది. గిన్నె సగమయ్యేసరికి అక్క చూడడం ఆగిపోయింది.

మర్నాడు మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. అట్టకి కాయితం లేదు. పోయిన కబురు వంటగదికి అందలేదు కాబోలు, పదకొండో మంచానికి కూడా ట్రే వచ్చింది. ముద్దలమ్మ పనికి సెలవు పెట్టలేదు. పెట్టి ఏం చెయ్యాలో తెలియలేదు. ఆవిడ పీట లాక్కుని ఆ ఖాళీ మంచం పక్కన కూర్చుంది. గిన్నె మూత తీసింది. చెంచాని వేడినీళ్ళలో ముంచలేదు. ఎవరూ బతిమాలలేదు. ఆ చప్పటి జావ అడుగంటా తిని, గిన్నె కడిగి, పన్నెండో మంచం దగ్గరికి వెళ్ళింది.